మందు వల్ల కాదని తేల్చాల్సింది ఎవరు?

ఉత్తరం రాసినవారి వయసు 27. బీఫార్మసీ చదివి, కోస్తాలోని ఒక పట్టణంలో ప్రైవేటు ఆసుపత్రిలో మూడేళ్లుగా క్లినికల్ ట్రయల్స్, అంటే కొత్త మందులను మనుషుల మీద పరీక్షించే అధ్యయనాల, కోఆర్డినేటర్‌గా పనిచేస్తున్నారు. జీతం ఇచ్చేది ఆసుపత్రి కాదు, ట్రయల్స్‌కు కావలసిన సిబ్బందిని ఆసుపత్రులకు సమకూర్చే ఒక సంస్థ. తండ్రికి పక్షవాతం. ఇంటి రుణం వాయిదా ఈమె జీతంలోంచే వెళ్తుంది. పేరు, ఊరు రాయవద్దని కోరారు. నాలుగు పేజీల ఉత్తరాన్ని నా మాటల్లో కుదిస్తున్నాను.

ఆసుపత్రిలో మధుమేహానికి ఒక కొత్త మాత్ర మీద మూడో దశ ట్రయల్ జరుగుతోంది. పాత మాత్రలకు తోడుగా ఇది రోజుకొకటి వేసుకోవాలి. సగం మందికి అసలు మందు, మిగతా సగానికి అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి మాత్ర. ఎవరికి ఏది వెళ్తోందో రోగికీ తెలియదు, డాక్టరుకూ తెలియదు. పాల్గొన్నవారిలో గుడి ముందు పూలమ్మే 58 ఏళ్ల ఆమె ఒకరు. చదువు రాదు. అంగీకార పత్రాన్ని ఈ కోఆర్డినేటరే చదివి వినిపించి, సాక్షి ఎదుట వేలిముద్ర తీసుకున్నారు. వచ్చిన ప్రతిసారీ ఆమె "అమ్మాయీ, జడలో పెట్టుకో" అంటూ ఒక మూర కనకాంబరాలు టేబుల్ మీద పెట్టి వెళ్తుంది. ఈమె ఆమెను "పిన్నిగారూ" అని పిలుస్తారు.

కార్తీక సోమవారం నాడు ఆమె ఉపవాసం ఉంది. రాత్రి నక్షత్రం చూశాక ఒక అరటిపండు, గ్లాసుడు పాలు. మాత్రలు మాత్రం మానలేదు, ఒక్క రోజు కూడా మానవద్దని చెప్పారు కనుక. తెల్లవారుజామున నాలుగింటికి పూల మార్కెట్టుకు బయల్దేరబోతూ స్నానాల గదిలో పడిపోయింది. ఆటో నడిపే కొడుకు దగ్గర్లోని నర్సింగ్ హోముకు తీసుకెళ్లాడు. షుగరు బాగా పడిపోయిందని గ్లూకోజు ఎక్కించారు, నుదుటి మీద నాలుగు కుట్లు వేశారు, రెండు రాత్రులు ఉంచుకున్నారు. బిల్లు 31,400 రూపాయలు. కమ్మలు తాకట్టు పెట్టి కట్టారు.

ఆ ఉదయం 5:10కి కొడుకు కోఆర్డినేటరుకు ఫోను చేశాడు. ఈమె నిద్రలో ఉన్నారు. పదింటికి తిరిగి చేస్తే అతను ఎత్తలేదు. తర్వాత పనిలో పడి మరిచిపోయారు.

ఆరు రోజులకు, మరుసటి సోమవారం, ఆమె మామూలు విజిట్‌కు వచ్చింది. నుదుటికి కట్టు, చేతిలో ప్లాస్టిక్ సంచీ. అందులో డిశ్చార్జి సమ్మరీ, బిల్లులు, మాత్రల స్ట్రిప్పులు. లెక్కపెడితే మూడు మాత్రలు ఎక్కువ మిగిలాయి. నర్సింగ్ హోములో ఆపించారట, ఇంటికొచ్చాక తనే మళ్లీ మొదలుపెట్టిందట. ట్రయల్ నడిపే డాక్టరు గారు సమ్మరీ చూసి, "ఉపవాసం వల్ల పడింది, మందుకు సంబంధం లేదు. ఇప్పుడు ఇది రాస్తే ఆలస్యం ఎందుకైందని అడుగుతారు, నీ ఫోను సంగతి బయటికొస్తుంది" అన్నారు. సంచీ ఆమెకే తిరిగి ఇప్పించి, విజిట్ నోట్స్‌లో "ఫిర్యాదులు ఏమీ లేవు, మూడు మాత్రలు మరిచిపోయారు" అని రాయించారు. కింద కోఆర్డినేటర్ సంతకం చేశారు.

"ఈ డాక్టరు గారే మా నాన్నకు రెండేళ్లుగా ఫీజు తీసుకోకుండా వైద్యం చేస్తున్నారు. ఆయన చెడ్డవారు కారు. కంపెనీ తరఫున మా రికార్డులు తనిఖీ చేసే మానిటర్ పన్నెండు రోజుల్లో వస్తారు. చెబితే ఉద్యోగం పోతుంది, ఆయన ముఖం చూడలేను. చెప్పకపోతే ఆ సంతకం అలాగే ఉంటుంది. ఆ రోజు పిన్నిగారు ఇచ్చిన పూలు ఇంటికి తీసుకెళ్లలేకపోయాను. డ్రాయరులోనే వాడిపోయాయి. నేనేం చేయాలి?"

సమాధానం

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా భయపెట్టిన వాక్యం డాక్టరు గారిది కాదు, మీదే. మూడో పేజీ చివర, దాదాపు మాటవరసకు అన్నట్లు రాశారు: "విజిట్ రోజు కూడా ఆమె ఉపవాసమేనట." మళ్లీ సోమవారం, మళ్లీ ఖాళీ కడుపు, మళ్లీ అదే మాత్ర. అందుకే ఉత్తరం అందిన సాయంత్రమే మీకు రెండు వాక్యాలు పంపాను. కాగితాల సంగతి తర్వాత చూసుకుందాం, ముందు ఈ రాత్రే ఆమెకు ఫోను చేసి వచ్చే సోమవారం ఉపవాసం వద్దని చెప్పండి. ఆ మాత్ర కొనసాగించాలా వద్దా అన్నది రేపు పొద్దున్నే డాక్టరు గారిని అడగండి.

మీరు రెండూ చేశారు. చెమటలు పట్టినా, చేతులు వణికినా, ఉన్నట్టుండి ఆకలేసినా, మాట తడబడినా వెంటనే పంచదార నీళ్లు తాగి ఆసుపత్రికి రావాలని కొడుక్కి కూడా చెప్పారు. ఆమె "సరేలే అమ్మాయీ, శివుడికి నేను చెప్పుకుంటాను" అన్నదట. డాక్టరు గారు కాసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చుని, "ప్రస్తుతానికి ఆపమను" అన్నారట. ఆమె ఈ వారం క్షేమం కనుక మిగతాది నింపాదిగా మాట్లాడుకోవచ్చు. ఆ "ఆపమను" అన్న మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వద్దాం.

నేను డాక్టరును కాను. ట్రయల్స్‌లో చేరేవారి హక్కులు, క్షేమం చూసే ఒక ఆసుపత్రి ఎథిక్స్ కమిటీలో ఆరేళ్లు సామాన్య సభ్యురాలిగా కూర్చున్నదాన్ని. వైద్యం తెలియని మనిషి ఒకరు తప్పనిసరిగా ఉండాలని నిబంధనలు పెట్టిన కుర్చీ అది. అక్కడ నేను ఎక్కువగా చేసిన పని తెలుగు దిద్దడం. "యాదృచ్ఛికీకరణ", "ప్రతికూల ఘటన" అని రాసుకొచ్చేవారు. అది చదివి వినిపిస్తే పూలమ్మే మనిషి దేనికి వేలిముద్ర వేసినట్లు? "ట్రయల్‌లో ఉండగా మీకు ఏమైనా సరే మాకు చెప్పండి, అది మందు వల్లనో కాదో మీరు ఆలోచించవద్దు" అన్న ఒక్క మాటను పత్రంలోకి ఎక్కించడానికి రెండు మీటింగులు పట్టింది. ఆ మాట రోగులకు చెప్పాల్సిందని అప్పట్లో అనుకున్నాను. మీ ఉత్తరం చదివాక డాక్టర్లకూ చెప్పాల్సిందని తోస్తోంది.

ఎందుకంటే మీ డాక్టరు గారు రెండు వేరు వేరు ప్రశ్నలను ఒకే ముడి వేశారు. జరిగింది తీవ్రమైనదా అన్నది ఒక ప్రశ్న. దానికి కారణం మందా అన్నది రెండోది. మొదటి ప్రశ్నకు జవాబు చెప్పడానికి వైద్యం అక్కర్లేదు. మనిషి చనిపోయినా, ప్రాణం మీదికి వచ్చినా, ఆసుపత్రిలో చేరాల్సి వచ్చినా, శాశ్వతంగా అంగవైకల్యం కలిగినా అది సీరియస్ అడ్వర్స్ ఈవెంటే, మీరంతా ఎస్‌ఏఈ అని పిలిచేదే. రెండు రాత్రులు నర్సింగ్ హోములో పడుకుంది కనుక ఇందులో వాదనకు చోటు లేదు. 2019 మార్చిలో వచ్చిన "కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్" నిబంధనల ప్రకారం ఇలాంటిది జరిగిన 24 గంటల్లో ట్రయల్ డాక్టరు ముగ్గురికి తెలపాలి: ఢిల్లీలోని కేంద్ర ఔషధ నియంత్రణ అధికారికి, ట్రయల్ చేయిస్తున్న స్పాన్సర్‌కు, ఎథిక్స్ కమిటీకి. మందు వల్ల జరిగితేనే తెలపాలని అందులో లేదు. కావాలనే అలా రాయలేదు.

రెండో ప్రశ్న అసలు మీరూ డాక్టరు గారూ ఒక గదిలో కూర్చుని తేల్చుకునేది కాదు. డాక్టరు తన అభిప్రాయం రాస్తారు, స్పాన్సర్ రాస్తారు, ఇద్దరూ 14 రోజుల్లో వివరంగా పరిశీలించి పంపుతారు. ఎథిక్స్ కమిటీ 30 రోజుల్లో తన మాట చెబుతుంది. చివరికి కేంద్ర అధికారి నిర్ణయిస్తారు. ఇంతమంది ఎందుకంటే ఒక్కరికే ఆ అధికారం ఇస్తే ఏమవుతుందో మీ విజిట్ నోట్స్‌లో ఉంది.

ఇంకో మాట. ఈ ట్రయల్‌లో ఎవరికి ఏ మాత్ర వెళ్తోందో డాక్టరుకూ తెలియదని మీరే రాశారు. ఆమె మింగుతున్నది అసలు మందో ఉత్తుత్తిదో ఆయనకు తెలియనప్పుడు, మందుకు సంబంధం లేదన్నది ఆయనకు ఎలా తెలిసింది? ఈ ఒక్క ప్రశ్న ఆయన ముందు పెట్టడానికి మీకు గొంతు పెగలకపోవచ్చు. కానీ మీ మనసులో ఇది తేటపడాలి, ఎందుకంటే మీ ఉత్తరమంతా "ఆయన పెద్ద డాక్టరు, ఆయనకు తెలియదా" అన్న ధ్వనే ఉంది. ఆయనకు వైద్యం తెలుసు. ఆ మాత్రలో ఏముందో తెలియదు. తెలియకుండా ఉండటమే ఈ ట్రయల్ పద్ధతి.

ఉపవాసం సంగతి కూడా చూద్దాం. ఉపవాసం వల్ల షుగరు పడిపోయి ఉండొచ్చు, నిజమే. అయితే షుగరు తగ్గించే పాత మాత్రలు, వాటి మీద బహుశా కొత్త మాత్ర, పైన ఖాళీ కడుపు: ఈ మూడూ కలిస్తే ఏమవుతుందన్నదే కదా ఆ కంపెనీ తెలుసుకోవాల్సింది. రేపు ఈ మందు మార్కెట్లోకి వస్తే వేసుకునేవాళ్లలో కార్తీక సోమవారాలు ఉండేవాళ్లు ఉంటారు, రంజాన్ నెలంతా రోజా ఉండేవాళ్లు ఉంటారు. ఉపవాసం ఉంది కాబట్టి రాయనవసరం లేదనడం తిరకాసు వాదన. ఉపవాసం ఉంది కాబట్టే తప్పకుండా రాయాలి. పైగా ఒక్క రోజు కూడా మాత్ర మానవద్దని చెప్పినవాళ్లు, ఏమీ తినని రోజు ఏం చేయాలో ఆమెకు చెప్పారా? ఆ లోటు మీ ఒక్కరిది కాదు, కానీ ఆ పత్రం చదివి వినిపించిన గొంతు మీది. అందుకే మీకు అంత గుచ్చుకుంటోందనుకుంటాను.

చివరికి మందు తప్పు లేదనే తేలవచ్చు. అలా తేలినా రాసి ఉండటమే మేలని మన నేల మీదే ఒక ఉదాహరణ ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకాలు వేసే ఒక అధ్యయనం జరిగింది. గుజరాత్‌లోని వడోదరలోనూ అదే పని. చాలామంది పిల్లలు గిరిజన హాస్టళ్లలో ఉండేవారు. తల్లిదండ్రుల బదులు వార్డెన్లు, హెడ్మాస్టర్లు అంగీకార పత్రాల మీద సంతకాలు పెట్టేశారు. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు బాలికలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. విచారణలో పాముకాటు, నీళ్లలో మునిగిపోవడం, మలేరియా వంటి కారణాలు బయటపడ్డాయి, టీకాతో సంబంధం కనిపించలేదన్నారు. అయితే ఎవరు నమ్మాలి? అంగీకారమే సరిగా తీసుకోనప్పుడు, పిల్లలకు ఏమైనా అయితే చూసి నమోదు చేసే ఏర్పాటే బలంగా లేనప్పుడు, ఆ తర్వాత చెప్పే నిజం కూడా సాకులాగే వినిపిస్తుంది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని గట్టిగా తప్పుపట్టింది. పోయిన నమ్మకం తిరిగి రావడానికి ఏళ్లు పట్టింది. ఆ టీకా మంచిదే, నష్టపోయింది కూడా ఆడపిల్లలే.

ఇప్పుడు 5:10 ఫోను.

ఉత్తరంలో మీరు దాన్ని మూడుసార్లు ప్రస్తావించారు. కమ్మల తాకట్టును ఒక్కసారే రాశారు. ఎగతాళికి అనడం లేదు. తప్పు చేశామన్న భావన మనల్ని మన చుట్టూనే తిప్పుతుంది, అవతలి మనిషిని కనపడనివ్వదు. డాక్టరు గారు సరిగ్గా ఆ చోటే వేలు పెట్టారు. ఆయన మిమ్మల్ని బెదిరించారని మీరు రాయలేదు, నేనూ అనను. కానీ "నీ ఫోను సంగతి బయటికొస్తుంది" అన్న మాటలో మీ మీద జాలి ఎంత ఉందో, ఆయన అవసరం అంత ఉంది.

నిజానికి ఆ మిస్డ్ కాల్ ఎంత తప్పు? పగలంతా పనిచేసిన మనిషి తెల్లవారుజామున నిద్రపోవడం తప్పు కాదు. తిరిగి ఫోను చేశారు, అది చేయాల్సిన పనే. సాయంత్రం మళ్లీ చేయకపోవడం పొరపాటు. దాన్ని పొరపాటు అని ఒప్పుకోండి, అంతకు మించి మోయకండి. రాత్రీపగలూ జవాబిచ్చే నంబరు ఏర్పాటు చేయాల్సింది డాక్టరు, స్పాన్సర్. ఒక కోఆర్డినేటర్ సొంత ఫోను మీద ట్రయల్‌లోని మనుషుల ప్రాణాలు వేలాడదీయడం ఏర్పాటు అనిపించుకోదు. ఈ మాట మీ సంస్థకు మెయిల్‌లో రాయండి, మీ సంజాయిషీగా కాదు, కావలసిన మార్పుగా.

ఆలస్యానికి నిబంధనల్లోనే దారి ఉంది. 24 గంటలు దాటితే రిపోర్టుతో పాటు ఆలస్యానికి కారణం కూడా రాసి, అధికారిని ఒప్పించాలి. "కోఆర్డినేటరుకు వచ్చిన ఫోను అందలేదు, రోగి ఆరో రోజు విజిట్‌కు వచ్చినప్పుడు తెలిసింది" అన్నది కారణమే. నచ్చకపోవచ్చు, నాలుగు ప్రశ్నలు అడగవచ్చు, కానీ అది అర్థమయ్యే కారణం. డిశ్చార్జి సమ్మరీ చేతిలో పట్టుకుని "ఫిర్యాదులు ఏమీ లేవు" అని రాయడానికి మాత్రం ఏ కారణమూ దొరకదు. ఎస్‌ఏఈలు వచ్చినందుకు ఏ సెంటరూ మూతపడదు. మధుమేహం ఉన్న యాభై, అరవై ఏళ్ల మనుషులతో నెలల తరబడి ట్రయల్ నడిపి ఒక్క ఎస్‌ఏఈ కూడా లేదంటేనే మానిటర్లు కనుబొమలు ఎగరేస్తారు.

ఇక మీ ముందున్న దారులు. నేను ఆజ్ఞ ఇవ్వను. వాయిదాలు కట్టేది మీరు.

మొదటిది, డాక్టరు గారి దగ్గరికి మళ్లీ వెళ్లడం. నాకు దీని మీద ఆశ ఉంది, కారణం ఆ "ఆపమను" అన్న మాట. మందుకు సంబంధమే లేదని పూర్తిగా నమ్మిన మనిషి దాన్ని ఎందుకు ఆపమంటారు? ఆయనకు లోపల ఎక్కడో అనుమానం ఉంది. పైగా ఇప్పుడు ఆయనే ఇరుకులో పడ్డారు. ట్రయల్ మందు ఆపించారు, ఫైల్లో మాత్రం ఆపడానికి కారణమే లేదు. వచ్చే విజిట్‌కు స్ట్రిప్పులు లెక్కపెడితే ఇంకా మాత్రలు మిగులుతాయి, వాటికి ఏం రాస్తారు? ఉత్త చేతులతో వెళ్లి "ఏం చేద్దాం సార్" అనకండి. ఎస్‌ఏఈ ఫారం నింపి, ఆలస్యానికి కారణం ఒక పేరాగా రాసి, ఓపీ అయ్యాక ఒంటరిగా ఉన్నప్పుడు ముందు పెట్టండి. "సార్, మీరు మాత్ర ఆపమన్నారు, అది రాయాలంటే ఇది రాయాలి. ఫోను సంగతి నేనే రాసుకున్నాను, దాచలేదు. సంతకం చేయండి సార్." అంతే. ఆయనకు తప్పించుకునే సాకు కాక, వెనక్కి వచ్చే దారి చూపించినట్లవుతుంది. మీ ఫోను సంగతి మీరే రాసేస్తే ఆయన చేతిలో ఉన్న ఆ ఒక్క తీగా తెగిపోతుంది. సంతకం చేస్తే మీ ఇద్దరికీ కొన్ని రోజులు ఇబ్బంది, ఆ తర్వాత పని మామూలే. చేయకపోతే, మీరు ఏం చేయబోతున్నారో ఆయనకు ముందే తెలిసిపోతుంది. అది ఈ దారిలోని నష్టం. అందుకని వెళ్లేముందే రెండో అడుగు నిర్ణయించుకోండి, గడువు కూడా. మరుసటి రోజు సాయంత్రం దాటనివ్వకండి.

రెండోది మీ సంస్థ. జీతం వాళ్లది కనుక మీ పై అధికారికి జరిగింది జరిగినట్లు మెయిల్ రాయవచ్చు. ఫోనులో చెప్పకండి, ఫోనులో చెప్పింది గాలికి పోతుంది. మంచి సంస్థ అయితే గంటల్లో కదులుతుంది. అంత మంచిది కాకపోతే, డాక్టరు గారి దగ్గర మరో మూడు ట్రయల్స్ ఉన్నాయని గుర్తుచేసుకుని మిమ్మల్ని వేరే ఆసుపత్రికి మారుస్తుంది. అప్పుడు పిన్నిగారి సంగతి మధ్యలో ఆగిపోకుండా ఎవరు చూస్తారన్నది ప్రశ్న.

మూడోది ఎథిక్స్ కమిటీ. అది ఆ ఆసుపత్రిదే కదా, అందరూ ఆయన స్నేహితులే కదా అనుకుంటారు. కొంత నిజం. కానీ నిబంధనల ప్రకారం సగం మంది సభ్యులైనా బయటివారై ఉండాలి, ఛైర్మన్ తప్పనిసరిగా బయటి మనిషే. ఆయన ఫోను నంబరు మీరు చదివి వినిపించిన అంగీకార పత్రంలోనే ఉంటుంది. ఒక పేజీ ఉత్తరం చాలు. నేను కూర్చున్న ఆరేళ్లలో అలాంటి ఉత్తరం ఒకే ఒక్కటి వచ్చింది, ఒక నర్సు నుంచి. ఆ రోజు గదిలో ఎంత నిశ్శబ్దమో చెప్పలేను. మేం ఆ ట్రయల్‌లో కొత్తవారిని చేర్చుకోవడం ఆపించాం. ఆ నర్సు పేరు మినిట్స్‌లో రాయలేదు. అయినా ఆ డాక్టరుకు తెలిసిపోయింది, చిన్న ఆసుపత్రుల్లో తెలియకుండా ఉండదు. ఆమె ఏడాది తిరక్కుండా వేరే ఊరికి వెళ్లిపోయింది. ఇది కూడా మీకు చెప్పాలి.

మానిటర్‌కు చెప్పడం నాలుగోది. అది అన్నిటికన్నా తేలిక, చెప్పకపోయినా మూడు మాత్రల దగ్గర ఆయన ఆగి అడుగుతారు కూడా. కానీ మానిటర్ వచ్చేదాకా ఆగితే, మీరు చెప్పినట్లు ఉండదు, దొరికిపోయినట్లు ఉంటుంది. కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థకు హైదరాబాద్‌లో జోనల్ కార్యాలయం ఉంది, నేరుగా అక్కడికి రాయవచ్చు. వాళ్లు ముందు చెప్పకుండా తనిఖీకి రాగలరు, ట్రయల్ ఆపగలరు, డాక్టరును ట్రయల్స్ నుంచి దూరంగా ఉంచగలరు. మిగతా తలుపులన్నీ మూసుకుంటేనే ఆ తలుపు తట్టమంటాను. రాజీనామా చేసి వెళ్లిపోవడం ఒక దారి అని మీరు చివర్లో రాశారు. వెళ్లవచ్చు, అయితే ఆ నోట్స్ కింద మీ సంతకం మీతో రాదు.

ప్రైవేటు సంస్థలో తప్పును బయటపెట్టిన ఉద్యోగిని గట్టిగా కాపాడే చట్టం మన దగ్గర లేదు. ఉద్యోగం పోదని నేను హామీ ఇవ్వలేను. అందుకే తేదీలు, సమయాలు, ఎవరు ఏమన్నారో సొంత నోట్‌బుక్‌లో రాసుకోండి. ఆమె సమ్మరీని ఫోటో తీసి వాట్సాప్‌లో మాత్రం ఎవరికీ పంపకండి. అది ఆమె గుట్టు, మీ రుజువు కాదు. నాన్నగారి వైద్యం గురించి ఒక్క మాట: ఆయన తీసుకోని ఫీజుకు మీరు కృతజ్ఞతతో ఉండండి. ఆ కృతజ్ఞత మీది, దాన్ని పిన్నిగారి ఖాతాలోంచి చెల్లించే హక్కు మీకు లేదు. కావాలంటే ఇంకో డాక్టరును ఇప్పుడే చూసి పెట్టుకోండి, మనసుకు కాస్త తెరిపిగా ఉంటుంది.

ఆ 31,400 రూపాయల గురించి ఎవరూ మాట్లాడలేదు, మీరు కూడా. ట్రయల్‌లో ఉన్న మనిషికి ఏదైనా హాని జరిగితే, అది ట్రయల్ వల్ల కాదని తేలేదాకా, లేదా వైద్యం అవసరమైనంత కాలం, ఈ రెండింటిలో ఏది ముందైతే అంతవరకు ఉచితంగా వైద్యం అందించాలి. ట్రయల్ వల్లనే అని తేలితే పరిహారం వేరుగా ఉంటుంది. మందు ఒక్కటే కాదు, ట్రయల్ ఎలా నడపాలో రాసుకున్న ప్రోటోకాల్ ప్రకారం నడవకపోవడం వల్ల గానీ, డాక్టరు అజాగ్రత్త వల్ల గానీ జరిగినా అది ట్రయల్ వల్ల జరిగినట్లే. అంగీకార పత్రంలో నామినీ పేరు, ఏడాది ఆదాయం ఎందుకు అడుగుతారో మీకు తెలుసు. ఆమెకు తెలియదు. రిపోర్టే వెళ్లకపోతే ఈ లెక్కేదీ మొదలు కాదు, కమ్మలు తాకట్టులోనే ఉంటాయి. బిల్లుల అసలు కాపీలు ఎవరికీ ఇవ్వవద్దని, జిరాక్సులే ఇవ్వమని ఆమె కొడుకుకు చెప్పండి. డబ్బు వస్తుందని మాట ఇవ్వకండి, అడిగే హక్కు ఉందని చెప్పండి. ట్రయల్ వద్దనుకుంటే ఎప్పుడైనా మానుకోవచ్చని, మానుకున్నా మామూలు వైద్యం ఆగదని కూడా చెప్పండి. ఈ మాటలు మొదటిసారి చదివి వినిపించారు, నిజమే. అప్పటికి ఆమె పడిపోలేదు, ఎలా వింటుంది?

ఏ దారి పట్టినా ముందు మీ ఒక్కరి చేతిలో ఉన్న పని ఒకటి ఉంది. ఆ విజిట్ నోట్స్. పేజీ చించకండి, వైట్‌నర్ పూయకండి. "ఫిర్యాదులు ఏమీ లేవు" మీద ఒకే ఒక గీత, కింద అక్షరాలు చదవగలిగేలా. "మూడు మాత్రలు మరిచిపోయారు" మీద ఇంకో గీత. పక్కన ఆలస్యంగా చేర్చిన నమోదు అని రాసి ఇలా పెట్టండి: రోగి విజిట్‌కు డిశ్చార్జి సమ్మరీతో వచ్చారు, షుగరు పడిపోయి రెండు రాత్రులు నర్సింగ్ హోములో ఉన్నారు, నుదుటి మీద నాలుగు కుట్లు, అక్కడ మూడు రోజులు ట్రయల్ మాత్ర ఆపించారు, మొదటి నమోదు తప్పు. పడిపోయిన రోజు ఉదయం 5:10కి కొడుకు నుంచి వచ్చిన ఫోను అందలేదు, పదింటికి తిరిగి చేసినా కలవలేదు. తర్వాత డాక్టరు గారు మాత్ర ఆపమన్న రోజు, సమయం. కింద మీ సంతకం. తేదీ మాత్రం మీరు రాస్తున్న రోజుది వేయండి, ఆ సోమవారానిది కాదు.